షార్ట్ షిఫ్టర్ వేశాక గేర్ రాడ్ మోత: లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

అనంతపురం నుంచి గుత్తి, డోన్ మీదుగా కర్నూలు దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి నిలకడగా పోతుంటుంది. ఇంజిను 3,000 ఆర్‌పీఎం దగ్గరికి రాగానే గేర్ రాడ్ దగ్గర జర్రుమని మోత మొదలవుతుంది. 3,200 దాటగానే తగ్గిపోతుంది. షార్ట్ షిఫ్టర్ అంటే గేరు మార్చేటప్పుడు చేయి తక్కువ దూరం కదిలితే చాలేట్టు చేసే గేర్ రాడ్ సామాను. దాన్ని బయట కొని బిగించుకున్న కార్లలో ఇది మామూలుగా వచ్చే ఇబ్బంది. షెడ్డుకు తీసుకెళ్తే తరచుగా జరిగేది ఒకటే: కనబడిన ప్రతి బోల్టునూ ఇంకో అర చుట్టు బిగించి పంపేస్తారు. దాంతో మోత పోకపోగా ఒక్కోసారి పెరుగుతుంది, లేదా అల్యూమినియంలోని మరలు కొట్టుకుపోతాయి. పానా పట్టుకునే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. చప్పుడు గేర్ రాడ్‌లోనే పుడుతోందా, లేక ఇంజిన్లోనో గేర్ బాక్స్‌లోనో పుట్టి గేర్ రాడ్ దారిన లోపలికి వస్తోందా? మొదటిదైతే బిగింపుతోనో కొత్త బుష్‌తోనో (పిన్ను, బోల్టు చుట్టూ రంధ్రంలో కూర్చునే తొడుగు) పోతుంది. రెండోదాన్ని ఎంత బిగిస్తే అంత బాగా వినబడుతుంది.

కంపెనీ వేసిన గేర్ రాడ్ పైకి ఒకే కడ్డీలా కనిపిస్తుంది గానీ, చాలా కార్లలో ఇంజిను అదురు చేతి దాకా రాకుండా దారిలో నాలుగు చోట్ల రబ్బరు ఉంటుంది. రాడ్ పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య ఒకటి, గేర్ రాడ్ బేస్ నేలకు బిగిసే నాలుగు బోల్టుల చుట్టూ ఒకటి, గేర్ రాడ్ నుంచి గేర్ బాక్స్‌కు పోయే కేబుల్ చివరి కంటిలో ఒకటి, కేబుల్ ఇంజిను వైపు నుంచి క్యాబిన్లోకి వచ్చే రంధ్రం దగ్గర ఒకటి. షార్ట్ షిఫ్టర్ కిట్ వేసినప్పుడు వీటిలో రెండో మూడో పోతాయి. రాడ్ ఒకే ముక్క స్టీలవుతుంది, బేస్ కింద అల్యూమినియం దిమ్మలు వస్తాయి, కేబుల్ కంటిలో గన్‌మెటల్ అనే కంచు రకం లోహమో, డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్కో చేరుతుంది. గేరు పడినప్పుడు చేతికి తెలిసే ఆ ఖచ్చితత్వం వచ్చేది ఇక్కడినుంచే. మోత వచ్చేదీ ఇక్కడినుంచే.

రాడ్ పొట్టిదవడం వల్ల మోత పెరిగిందని చాలామంది అనుకుంటారు. లెక్క చూస్తే అది నిలబడదు. ఇరుసు బంతి (రాడ్ కింది భాగంలో, గిన్నెలో కూర్చుని తిరిగే గుండ్రటి భాగం) నుంచి నాబ్ (చేత్తో పట్టుకునే పై గుండు) దాకా 240 మి.మీ., బంతి నుంచి కింద కేబుల్ పిన్ను దాకా 40 మి.మీ. ఉందనుకుందాం. నిష్పత్తి 6. కిట్‌లో ఈ కింది భాగం, అంటే కింది చేయి, 52 మి.మీ. అయితే నిష్పత్తి 4.6 అవుతుంది. నాబ్ కదలిక సుమారు 23 శాతం తగ్గుతుంది, పెట్టాల్సిన బలం 30 శాతం పెరుగుతుంది. కేబుల్ దగ్గర అర మిల్లీమీటరు లూజు ఉంటే నాబ్ దగ్గర మునుపు 3 మి.మీ. ఆడేది, ఇప్పుడు 2.3 మి.మీ. ఆడుతుంది. అంటే నిష్పత్తి మార్పు వల్ల ఆట తగ్గాలే గానీ పెరగకూడదు. కిట్ వేశాక ఆట పెరిగిందంటే కొత్త సామాను కొలతల్లోనో బిగింపులోనో తేడా ఉన్నట్టే.

విప్పకముందు చేసే పరీక్షలు

ముందు బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజినును మెల్లగా 3,500 దాకా పెంచాలి. నిలబడ్డప్పుడే మోత వస్తే రోడ్డుకూ చక్రాలకూ సంబంధం లేదు, అది ఇంజిను అదురు. ఇప్పుడు నాబ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ముందుకు, వెనక్కి, ఎడమకు, కుడికి ఒక్కో వైపు కొద్దిగా నొక్కి చూడాలి. ముందువెనకల నొక్కితే ఆగే మోత గేరు వేసే కేబుల్ వైపుది. ఎడమకుడులకు నొక్కితే ఆగేది వరస మార్చే కేబుల్ వైపుది, లేదా బంతి గిన్నె పక్కలకు అరిగిపోయి ఉంటుంది. కింది నుంచి పైకి లాగినప్పుడు ఆగితే బంతి గిన్నెలో నిలువు ఆట ఉంది, లేదంటే రివర్స్ కోసం పైకి లాగే రింగ్ కొట్టుకుంటోంది. ఎటు నొక్కినా ఆగకపోతే చాలావరకు అది గేర్ రాడ్ మోత కాదు.

రెండోది, క్లచ్ పరీక్ష. న్యూట్రల్‌లో ఐడిల్ మీద వినబడే చప్పుడు క్లచ్ తొక్కగానే ఆగిపోతే, అది గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌దో, బరువు లేకుండా తిరిగే గేర్ పళ్లదో. క్లచ్ తొక్కినప్పుడే మొదలయ్యే చప్పుడు రిలీజ్ బేరింగ్‌ది. ఈ రెండూ షిఫ్టర్ రాకముందునుంచే ఉండి ఉంటాయి. కంపెనీ రబ్బరు వాటిని ఇన్నాళ్లూ మింగేసింది, అంతే. ఇలాంటప్పుడు షిఫ్టర్ బిగించిన మనిషిని తప్పుపట్టి లాభం లేదు.

మూడోది రోడ్డు మీద. ఖాళీ రోడ్డు చూసుకుని, పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని, మోత వచ్చే వేగంలో ఒక్క క్షణం క్లచ్ తొక్కి ఇంజిను ఐడిల్‌కు పడేలా చూడాలి. బండి వేగం అదే ఉండి మోత ఆగితే అది ఇంజినుతో ముడిపడింది. ఆగకపోతే చక్రాలు, బేరింగులు, రోడ్డు వైపు చూడాలి. చెవి పెట్టి వినే పని పక్కనున్న మనిషిది, నడిపేవారు రోడ్డే చూడాలి.

ఎత్తు దిగేటప్పుడు మాత్రమే వచ్చే మోతకు కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటు చక్కగా సరిపోతుంది. మూడో గేరులో యాక్సిలరేటర్ వదిలి దిగుతుంటే బరువు గేర్ పళ్ల రెండో ముఖం మీద పడుతుంది. అప్పుడు గేర్ రాడ్ న్యూట్రల్ వైపు సన్నగా కదిలినా, ఆ ఒక్క గేరులోనే జివ్వుమన్నా కేబుల్ సర్దుబాటు తప్పినట్టు. దాని సంగతి తర్వాత వస్తుంది.

చప్పుడు ఏ ఆర్‌పీఎం మధ్య వస్తోందో కాగితం మీద రాసుకోవడం చాలా పనికొస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకు రెండు పేలుళ్లు. కాబట్టి 3,000 ఆర్‌పీఎంలో సెకనుకు 100 కుదుపులు. మూడు సిలిండర్లదైతే అదే ఆర్‌పీఎంలో 75. ఇరుకైన ఒక పట్టీలోనే, అంటే 2,800 నుంచి 3,100 దాకానే వచ్చి పోయే మోత సాధారణంగా అనునాదం (రెజొనెన్స్). ఆ రాడ్, నాబ్ కలిసి సహజంగా ఊగే వేగానికి ఇంజిను కుదుపు సరిగ్గా కలిసింది. అన్ని ఆర్‌పీఎంలలోనూ గుంటలు, స్పీడ్ బ్రేకర్ల మీదా వచ్చే గలగల మాత్రం నిజమైన లూజు.

అనునాదం అవునో కాదో తేల్చడానికి టైర్ల షాపులో చక్రం బ్యాలెన్సింగ్‌కు అంటించే బరువు ముక్కలు చాలు. 5, 10 గ్రాముల ముక్కల పట్టీ అది. బూటు (రాడ్ చుట్టూ ఉండే తోలు తొడుగు) పైకి లేపి, నాబ్ కింద రాడ్‌కు 50 గ్రాములు అంటించి అదే రోడ్డు మీద నడపాలి. మోత 3,000 నుంచి 2,700కు జరిగితే అనునాదమే. అప్పుడు బోల్టులు బిగించి ఉపయోగం లేదు. నాబ్ బరువు మార్చాలి, లేదా బేస్ కింద మళ్లీ కాస్త రబ్బరు పెట్టాలి. బరువైన నాబ్ గేరు మెత్తగా పడేట్టు చేస్తుందన్నది నిజమే. కానీ అదే బరువు కంపనాన్ని తక్కువ ఆర్‌పీఎంకు దించి, రోజూ నడిపే వేగంలోకి తెచ్చి పెడుతుంది.

నాబ్, రింగ్, ప్లాస్టిక్

నాబ్ నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే విప్పడానికి నిమిషం పట్టదు. నాబ్ తీసేసి, మరల మీద సైకిల్ ట్యూబ్ ముక్క తొడిగి ఒకసారి నడపాలి. మోత పోయిందంటే పని ఇక్కడే ఉంది. బజారులో దొరికే నాబ్‌లకు ఎక్కువగా ఎం10×1.25, ఎం10×1.5, ఎం12×1.25 మరలు ఉంటాయి. 1.25 రాడ్ మీద 1.5 నాబ్ రెండు మూడు చుట్లు ఎక్కి బిగిసినట్టు అనిపిస్తుంది, కానీ పట్టు ఉండదు. చేతితోనే కనీసం ఆరేడు చుట్లు సాఫీగా తిరగాలి. అడాప్టరు వేసి పక్కనుంచి చిన్న స్క్రూలతో పట్టించే నాబ్‌లు అయితే ఆ స్క్రూలు నెల తిరక్కముందే వదులవుతాయి. లాక్ నట్ ఉన్న నాబ్ తీసుకోవడమే మేలు. నల్లా పనికి వాడే టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుడితే సన్నటి గీర పోతుంది గానీ, అది లాక్ నట్‌కు బదులు కాదు.

రివర్స్ రింగ్ విషయంలో చేసే పొరపాటు ఒకటి ఉంది. పొట్టి రాడ్ మీద రింగ్ స్ప్రింగ్ అసలు పొడవుకు నొక్కుకోదు, వదులుగా వేలాడుతుంది. గతుకుల్లో టకటకలాడేది అదే. స్ప్రింగ్ కింద 2 లేదా 3 మి.మీ. నైలాన్ వాచరు వేస్తే సరిపోతుంది. ఆ తర్వాత రివర్స్ లాక్ పనిచేస్తోందో లేదో బండి నిలబడ్డప్పుడు పదిసార్లు చూడాలి. ఐదో గేరు వేయబోతే రివర్స్‌లోకి జారే పరిస్థితి రాకూడదు.

కన్సోల్ ప్లాస్టిక్ మొత్తం తీసేసి ఒకసారి నడిపితే సగం అనుమానాలు తీరతాయి. ఒకటి రెండు సార్లు విప్పిన క్లిప్పులు పట్టు వదిలేస్తాయి. కొత్త క్లిప్పులు వేయాలి, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌ను తాకేచోట గుడ్డ టేపు అంటించాలి.

బేస్, బంతి, బుష్‌లు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడ. బేస్ కింద పాలియురేథేన్ (గట్టి రబ్బరు లాంటి ప్లాస్టిక్) బుష్‌లు వచ్చే కిట్లలో ప్రతి బుష్ లోపల ఒక స్టీలు గొట్టం ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు బలం ఆ గొట్టం మీద పడాలి, బుష్ పైనా కిందా కొద్దిగా నొక్కుకోవాలి. అందుకు బుష్ పేర్పు ఎత్తు గొట్టం కన్నా 0.3 నుంచి 0.5 మి.మీ. ఎక్కువ ఉండాలి. గొట్టమే పొడవైతే బోల్టు గట్టిగానే ఉంటుంది, బేస్ మాత్రం నిలువునా ఊగుతుంది. ఎంత బిగించినా మోత పోదు. గొట్టం మరీ పొట్టిదైతే బుష్ పిండైపోయి కొన్నాళ్లకు చీలుతుంది. వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) నాలుగు గొట్టాలూ, నాలుగు బుష్‌లూ కొలవడం పది నిమిషాల పని. పెద్ద వాచరు ఒకటి వేయడం మరిచినా ఇదే లక్షణం.

బిగింపు విషయానికి వస్తే, కారు మాన్యువల్ చెప్పిన అంకె ఉంటే అదే వేదం. లేనప్పుడు స్టీలు మరలో ఎం6 బోల్టుకు సుమారు 10, ఎం8కు సుమారు 25 న్యూటన్ మీటర్లు. అల్యూమినియం మరలకు అంతకన్నా తక్కువే పెట్టాలి. మర వదులు కాకుండా పట్టే నీలం రంగు జిగురు, థ్రెడ్ లాక్, ఒక చుక్క చాలు. ఎరుపుది వద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు. ప్లాస్టిక్ బేస్ ఉన్న కార్లలో అది ప్లాస్టిక్‌కు తగలకుండా చూడాలి. కొన్ని రకాల ప్లాస్టిక్ దానివల్ల సన్నగా పగుళ్లిస్తుంది.

ఇరుసు బంతి సంగతి ఇంకా సూక్ష్మం. చాలా బేస్‌లలో బంతి నైలాన్ గిన్నెలో స్ప్రింగ్ ఒత్తిడి మీద కూర్చుంటుంది. పాత రాడ్ బంతినీ కొత్త రాడ్ బంతినీ మూడు దిక్కుల్లో వెర్నియర్‌తో కొలిచి పోల్చాలి. కొత్తది 0.2 మి.మీ. తక్కువున్నా గేరు మార్చిన ప్రతిసారీ సన్నగా టిక్కుమంటుంది. మూడు కొలతలు ఒకటి కాకపోతే బంతి గుండ్రంగా లేదు. కొన్ని గేర్లలో బిగుసుకుని కొన్నింటిలో ఆడుతుంది. అలాంటి రాడ్‌ను గ్రీజుతో సరిచేయలేం, తిరిగి ఇచ్చేయాలి.

కేబుల్ కంటికి బుష్ దేనితో చేయించాలన్నది ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా ఆలోచించాల్సిన ప్రశ్న. ట్రాక్టర్లకూ బోరు మోటార్లకూ సామాను తిప్పే లేత్ షాపులు కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఉన్నాయి, అడిగితే గన్‌మెటల్ బుష్ చేసిస్తారు. అది ఎండకు ఆకారం మారదు, అరుగుదలా తక్కువ. కానీ అదురును ఏమాత్రం తాగదు, పక్కకు ఖాళీ ఉంటే టింగుమని గంటలా మోగుతుంది. గన్‌మెటల్ వేస్తే పిన్ను మీద అలల వాచరు గానీ, 0.5 మి.మీ. నైలాన్ వాచరు గానీ వేసి పక్క ఖాళీ తీసేయాలి. డెల్రిన్ నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ వేడికి పెరుగుతుంది. మే నెలలో బయట 40 దాటితే సైలెన్సర్ పైనున్న టన్నెల్ (కారు నేల మధ్యలోని ఉబ్బెత్తు భాగం) అంతకన్నా చాలా వేడెక్కుతుంది. 20 మి.మీ. వ్యాసం ఉన్న డెల్రిన్ ముక్క 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.09 మి.మీ. పెరగాలి. చుట్టూ ఉన్న లోహం వదలదు గనుక ఆ పెరుగుదలలో కొంత లోపలి రంధ్రం వైపు తిరుగుతుంది. అందుకే పొద్దున మెత్తగా పడే గేరు మధ్యాహ్నం రెండింటికి పట్టేస్తుంది. పట్టేస్తోందని రంధ్రం పెద్దది చేయిస్తే పొద్దునపూట గలగలలాడుతుంది. పిన్నుకూ డెల్రిన్ రంధ్రానికీ మధ్య 0.10 నుంచి 0.15 మి.మీ. ఖాళీ ఉంచి చేయించడం మధ్యేమార్గం. లేత్‌లో నైలాన్ కడ్డీతో చేసిస్తామంటే ఒప్పుకోకపోవడం మంచిది. అది తేమ పీల్చి ఉబ్బుతుంది, వానాకాలానికీ ఎండాకాలానికీ కొలత మారుతుంది.

రోజూ తిరిగే కుటుంబపు కారుకు పూర్తి లోహం కిట్ అనవసరమన్నదే ఈ విషయం తెలిసినవారి అభిప్రాయం. కేబుల్ కంటికి మాత్రం గట్టి బుష్ వేసి, బేస్ కింద కంపెనీ రబ్బరునే ఉంచితే, ఖచ్చితత్వంలో చాలా భాగం దక్కుతుంది, మోత చాలావరకు రాదు.

గ్రీజు, దుమ్ము

ప్లాస్టిక్, రబ్బరు తాకేచోట సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు చక్రాల గ్రీజు కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కొడితే ఆ పూట చప్పుడు ఆగుతుంది, ఉన్న గ్రీజు కడుక్కుపోయి వారానికి రెండింతలై వస్తుంది. గ్రీజు కూడా పలచటి పూతే కావాలి. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లలో బండల పాలిష్ పొడీ సిమెంటు దుమ్మూ నేల కింది నుంచి లోపలికి చేరతాయి. ఎక్కువ గ్రీజు పూస్తే ఆ పొడి అందులో కలిసి బూడిద రంగు ముద్దవుతుంది. దాన్ని వేళ్ల మధ్య రుద్దితే ఇసుక కాగితంలా గరగరమంటుంది. అది బంతి గిన్నెను కొద్ది నెలల్లోనే అరగదీస్తుంది.

దీనికి అసలు కారణం లోపలి రబ్బరు బూటు. పైకి కనిపించే తోలు బూటు కింద, రాడ్ చుట్టూ నేలను మూసే దళసరి రబ్బరు ఇంకొకటి చాలా బండ్లలో ఉంటుంది. కొత్త రాడ్ మందం ఎక్కువై ఇది పట్టకపోతే బిగించేవారు తీసి పక్కన పడేస్తారు. అక్కడినుంచి దుమ్ము, వేడిగాలి, రోడ్డు మోత, గేర్ బాక్స్ ఊళ అన్నీ నేరుగా లోపలికి వస్తాయి. మోత అని వచ్చే బండ్లలో ముందు ఈ బూటు ఉందో లేదో చూస్తే ఎంతో శ్రమ తప్పుతుంది. రంధ్రం చాలకపోతే బూటును రాడ్ మందానికి కోసి, నైలాన్ టైతో బిగించాలి.

కేబుల్ సర్దుబాటు, కింది పని

ఒక్క గేరులోనే వచ్చే మోతకు మొదటి అనుమానం కేబుల్ మీద. కింది చేయి పొడవు మారింది గనుక కేబుల్‌ను కొత్తగా సర్దాలి, ఈ పని చాలామంది వదిలేస్తారు. ఇంజిను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, షిఫ్టర్ వైపు కేబుల్ కంటిని పిన్ను నుంచి తీయాలి. రాడ్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు ఆ కన్ను ఎటూ లాగకుండా తనంతట తాను పిన్ను మీద కూర్చోవాలి. ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ లాగాల్సి వస్తే కేబుల్ పొడవు సర్దాలి. మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ ఇదే చూడాలి. ఈ ఒత్తిడి వదలకపోతే గేర్ బాక్స్ లోపల గేరును జరిపే ఫోర్కు, తిరుగుతున్న స్లీవ్ (గేరును పట్టించే రింగు) గాడిని ఎప్పుడూ ఒరుసుకుంటూ ఉంటుంది. ఆ ఒరిపిడే జివ్వుమని చేతికి వస్తుంది. ఇది చప్పుడుతో పోయేది కాదు, ఫోర్కు అరిగి గేరు జారడం మొదలవుతుంది. నడిపేటప్పుడు చేయి గేర్ రాడ్ మీద ఆనించి ఉంచినా ఫోర్కుకు ఇదే గతి.

అలాగే ప్రతి గేరులోనూ రాడ్ చివరిదాకా వెళ్లాక కన్సోల్ అంచుకో బేస్‌కో తగలడానికి ఇంకా 3, 4 మి.మీ. ఖాళీ ఉండాలి. అనుమానం ఉన్న అంచుకు సుద్దపొడి పూసి అన్ని గేర్లూ వేసి చూస్తే తగిలిన గుర్తు పడుతుంది. బండిని స్టాండ్ల మీద నిలిపి, సైలెన్సర్ చల్లారాక, కింద కేబుల్ దారి కూడా చూడాలి. హీట్ షీల్డ్ రేకుకు కేబుల్ ఆనితే ఇంజిను అదురు మొత్తం రేకు పాట పాడుతుంది. కనీసం 15 మి.మీ. దూరం ఉండాలి. బ్రాకెట్‌లో కేబుల్‌ను పట్టే గుర్రపునాడా క్లిప్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో వేలితో తడిమి చూడాలి.

జిప్సీలా రాడ్ నేరుగా గేర్ బాక్స్ మీద కూర్చునే బండ్లలో కేబుల్ ఉండదు. అక్కడ యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడు రాడ్ ముందుకూ వెనక్కీ ఊగుతూ ధడ్‌మంటే ఇంజిను, గేర్ బాక్స్ ఫౌండేషన్ రబ్బర్లు పోయినట్టు. షిఫ్టర్‌ను ఎంత సర్దినా ఫలితం ఉండదు.

ఇవన్నీ చూశాక కూడా వేగంతో పాటు పెరిగే సన్నటి ఊళ మిగిలితే, పాత కంపెనీ రాడ్‌ను బుష్‌లతో సహా తిరిగి బిగించి ఒక వారం నడపాలి. అందుకే తీసిన సామాను పారేయకూడదు. ఊళ తగ్గి, చెవి పెట్టి వింటే ఇంకా ఉంటే మూలం గేర్ బాక్స్‌లో ఉంది. నూనె స్థాయి చూడాలి. చిన్న కార్లలో పట్టేది రెండు లీటర్ల చుట్టుపక్కలే కాబట్టి అర లీటరు కారిపోయినా తేడా పెద్దదే. నింపేటప్పుడు కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. జీఎల్-4 అడిగిన గేర్ బాక్స్‌లో జీఎల్-5 పోస్తే గేరు మెత్తగా పడేట్టు చేసే ఇత్తడి సింక్రో రింగులకు చెరుపు చేసే రకాలున్నాయి. నూనె దించినప్పుడు తెల్లటి గిన్నెలో పట్టి ఎండలో తిప్పి చూడాలి. అయస్కాంతం బోల్టుకు నల్లటి మెత్తటి పేస్టు, నూనెలో పసుపు రంగు సన్నటి మెరుపు కొద్దిగా ఉండటం మామూలు అరుగుదల. గోటికి తగిలే స్టీలు తునకలు కనబడితే బండిని ఇక నడపకుండా గేర్ బాక్స్ దింపించాలి.